ఎంతమంది అని అడిగే మనిషి

పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. ఆ లెక్కన నేను నోరు మూసుకోవాలి. కానీ శనివారం పొద్దున మా సిడ్నీ తెలుగు గ్రూపులో ఆయన ఫొటో ప్రత్యక్షమైంది. చుట్టూ పూలదండ. కింద నన్ను పేరుపెట్టి పిలుస్తూ ఒక మెసేజ్. మీరు ఆయన దగ్గర రెండేళ్ళు పనిచేశారు కదమ్మా, రాసే చెయ్యి మీది, రేపు టూంగాబీ హాల్లో సంతాపసభ ఉంది, నాలుగు మంచి మాటలు రాసి పంపితే చదువుతాం అని. అప్పుడు నేను హారిస్ పార్క్‌లో కూరల కొట్లో దొండకాయలు ఏరుతున్నాను. పక్క గంప దగ్గర ఎవరో కమలాపండు వలిచి రుచి చూస్తున్నారు. ఆ వాసన తగిలేసరికి దొండకాయలు అక్కడే వదిలేసి బయటికొచ్చాను.

ఆయనంటే నాకు ఆ వాసనే. రోజుకి ఆరేడు కమలాలు తినేవాడు. తన బల్ల దగ్గర ఒక్కటీ వలిచేవాడు కాదు. వచ్చి నా కుర్చీ పక్కన నిలబడి, తొక్కలు నా కీబోర్డు పక్కన రాల్చి, గింజలు నా టీ సాసర్లో ఊసేవాడు. ఆ తడి వేలితోనే నా స్క్రీన్ మీద అక్కడా ఇక్కడా పొడిచి చూపించేవాడు. సాయంత్రం ఇంటికెళ్ళే ముందు తడిగుడ్డ పెట్టి ఆ వేలిముద్రలు తుడవడం నా ఉద్యోగంలో భాగమైపోయింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఫోన్‌ని పొట్ట మీద చొక్కాకి రుద్దడం ఇంకో అలవాటు. ఆయన చొక్కాలన్నిటికీ ఒకేచోట ఒక జిడ్డు మరక ఉండేది.

పేరు రాయను. రాస్తే, అయ్యో, చాలా మంచాయన కదా అంటారు. నిజమే, వాళ్ళకి మంచాయనే. ఉగాది వస్తే హాలు మాట్లాడేది ఆయనే, కొత్తగా వచ్చిన పిల్లల కోసం ఎయిర్‌పోర్టుకి కారు పంపేదీ ఆయనే. తెనాలి వైపు మనిషి. నాకు 'అంకుల్', ఆయనకి నేను 'అమ్మాయ్'. పొద్దున ఆఫీసులో అడుగు పెడుతూ బాగున్నావా అనడు, తిన్నావా అనడు. 'ఎంతమంది?' అంటాడు. రాత్రి నుంచీ ఇప్పటిదాకా మా ఫేస్‌బుక్ పేజీలో కొత్తగా ఎంతమంది చేరారు అని దానర్థం. ఒకసారి నేను జ్వరంతో ఇంట్లో పడుకుంటే ఫోన్ చేశాడు. పలకరింపుకి చేశాడనుకుని ఎత్తాను. ఎంతమంది అన్నాడు.

మా పనేమిటంటే, ఫిలిప్పీన్స్ నుంచి ఇక్కడికి చదువుకి రావాలనుకునేవాళ్ళని ఆన్‌లైన్‌లో వెతికి పట్టుకుని, ముసలివాళ్ళ సంరక్షణ కోర్సులు చెప్పే చిన్నచిన్న కాలేజీలకి అప్పజెప్పడం. హారిస్ పార్క్‌లో స్వీట్ల కొట్టు పైన రెండు గదులే ఆఫీసు. మొదట మనవాళ్ళ మీదే ప్రయత్నించాడట, కుదరలేదట. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజునే కారణం చెప్పాడు.

"మనోళ్ళు ఎవర్నీ నమ్మరమ్మాయ్. వాళ్ళు నమ్ముతారు."

ఆ మాట ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. నేనూ అలాగే విన్నాను. అప్పటికి నా ఎంబీఏ అయిపోయి ఏడాది. మార్కెటింగ్‌లో పనిచేసినట్టు ఒక అనుభవ పత్రం చేతికొస్తే తప్ప ఈ దేశంలో ఉండిపోవడానికిచ్చే పీఆర్‌కి కావలసిన పాయింట్లు రావు. అవసరంలో ఉన్నవాళ్ళ చెవి సగమే పనిచేస్తుంది.

ఫిలిప్పీన్ జనాన్ని ఆయన చదివిన తీరు చూడాల్సిందే. గురువారం గురువారం నన్ను బ్లాక్‌టౌన్‌లో వాళ్ళ కిరాణా కొట్టుకి తీసుకెళ్ళేవాడు. ఖాళీ బుట్ట పట్టుకుని, ఏ ఆడమనిషి ఏ అర ముందు ఎంతసేపు నిలబడుతోందో చూసేవాడు. ఒకసారి ఒకామె ఎండుచేపల ప్యాకెట్ తీసి, వాసన చూసి, అలాగే నిలబడిపోయింది. కళ్ళు తుడుచుకుంది. ఆయన నా మోచెయ్యి పొడిచి, అది రాసుకో అన్నాడు. ఆదివారం వాళ్ళ చర్చికి కూడా వెళ్ళేవాడు. వెళ్ళే ముందు కార్లో అద్దం దించి నుదుటి కుంకుమ టిష్యూతో తుడుచుకుని, వచ్చాక డాష్‌బోర్డులోంచి భరిణె తీసి మళ్ళీ పెట్టుకునేవాడు. ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్ళని చాలామందిని చూశాను. గొడుగులన్నీ కార్లోనే పెట్టుకు తిరిగేవాణ్ణి ఈయన్నే చూశాను.

ఆయన చదువు వృథా పోలేదు. వాళ్ళకి సెప్టెంబర్ ఒకటో తారీకునే క్రిస్మస్ మొదలవుతుందని, మనలాగే సగం వాక్యం ఇంగ్లీషులో సగం సొంత భాషలో మాట్లాడతారని, పెద్దవాళ్ళు కనిపిస్తే వాళ్ళ చెయ్యి తీసుకుని తమ నుదుటికి ఆనించుకుంటారని, అక్కని 'అతె' అంటారని నాకు నేర్పింది ఆయనే. కోర్సుల గురించి రంగురంగుల బొమ్మలు పెడితే ఎవరూ చూడటం లేదని ఒక మంగళవారం నేను చెప్పాను. ఆయన కమలాపండు తొన విప్పి, నోట్లో వేసుకుని, కాసేపు నమిలాడు.

"కోర్సు ఎవడైనా అమ్ముతాడమ్మాయ్. మనం అక్కని ఇద్దాం."

అలా పుట్టింది అతె నెనీతా. వయసు యాభై ఎనిమిది. భర్త పోయాడు, పిల్లల్లేరు. ముప్ఫై ఏళ్ళుగా సిడ్నీలో ఒక వృద్ధాశ్రమంలో వంట చేస్తుంది. ఒంటరిగా వచ్చే ఆడపిల్లలకి పెద్ద దిక్కు. మొహం మాత్రం పెట్టవద్దన్నాడు. మొహం పెడితే ఎవత్తో వచ్చి ఇది మా పిన్ని ఫొటో అంటదట. చేతులు చాలన్నాడు. మామిడికాయ కోసే చేతులు, బియ్యం కడిగే చేతులు, ఊరికి పంపే పెద్ద అట్టపెట్టెలో సబ్బులూ చాక్లెట్లూ సర్దే చేతులు. అవి నా చేతులు. నాకు ముప్ఫై ఒకటి. నీ చేతులు ముసలిగా ఉంటయ్, బాగా పనికొస్తయ్ అని ఆయన మెచ్చుకున్నాడు. కుడిచేతి బొటనవేలి కింద నాకొక మచ్చ ఉంది, చిన్నప్పుడు పెనం అంచు తగిలి కాలింది. వీడియో తీసేటప్పుడు అది కనపడకుండా చెయ్యి తిప్పబోయాను. ఆయన ఒప్పుకోలేదు.

"కనపడనియ్. మచ్చ ఉంటే నిజం ఉంటది."

చేతులు నావైతే, మాటలు ఖమ్మంలో ఉండే మా పెద్దమ్మవి. అవి నాకు తెలియకుండానే వచ్చేశాయి. తిన్నావా అని అడగని ఇల్లు ఇల్లు కాదని మా పెద్దమ్మ అనేది, అతె నెనీతా కూడా అంది. పెద్దమ్మకి నీళ్ళంటే భయం, అతెకి కూడా సముద్రం అంటే భయం. ఉప్పు చేతిలోంచి చేతికిస్తే పోట్లాట వస్తుందని ఒకరోజు అలవాటుగా రాసేశాను. రాసి పోస్ట్ చేశాక అది మన పట్టింపు కదా, దొరికిపోయామనుకున్నాను. ఎవరూ అనుమానించలేదు. మీ వైపు అలా అంటారా అతె, మాకు తెలియదు అని ప్రేమగా అడిగారు. ఇంకెవరో, ఆమె దక్షిణాన ఫలానా ద్వీపం నుంచి అయ్యుంటుంది, అక్కడ పాత పద్ధతులెక్కువ అన్నారు. వాళ్ళే ఆమెకి ఒక ఊరు కూడా ఇచ్చారు. నేను ఆ రోజు నవ్వుకున్నాను. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ పని నాకు ఇష్టంగా ఉండేది. పొద్దున్నే అతె అయిపోయి ఎవరెవరికో జాగ్రత్తలు చెబుతుంటే నాకు ఈ దేశంలో నా వాళ్ళున్నట్టు ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆయన మీద కన్నా నా మీదే ఎక్కువ అసహ్యం వేసేది అక్కడే.

మారిసెల్ ఆ పేజీలోనే పరిచయమైంది. ఇలోయిలో అనే ఊళ్ళో ఆస్పత్రిలో నర్సు. ఐదేళ్ళ పాప ఉంది, భర్త వదిలేశాడు. ఆర్నెల్ల పాటు దాదాపు రోజూ అతెకి రాసింది. పాప పన్ను ఊడితే రాసింది, వార్డులో ఎవరైనా పోతే రాసింది. చివరికి ఒకరోజు సూటిగా అడిగింది. ఉద్యోగం మానేసి, పాపని అమ్మ దగ్గర వదిలి రావాలి అతె, మీరు రమ్మంటే వస్తాను, వద్దంటే ఉండిపోతాను, మీ మాటే నాకు మాట అని.

మేం చేర్పించే కోర్సుతో ఆమె ఇక్కడ నర్సు కావడం కుదరదు. ముసలివాళ్ళకి ఒళ్ళు తుడిచే పని దొరుకుతుంది. ఆ పనికేం తక్కువ లేదు, కానీ ఆమె అప్పటికే నర్సు. పాపని ఎప్పటికి తెచ్చుకోగలదో ఎవరూ చెప్పలేరు. అవన్నీ నాకు తెలుసు. ఆగమ్మా, నర్సింగ్ సంగతి తెలిసినవాళ్ళని ఇంకెవరినైనా అడుగు అని రాయడం మొదలుపెట్టాను. ఆయన వెనక నిలబడి ఉన్నాడు. నా భుజం మీదుగా వంగి, ఆ తడివేలితో నేను రాసినదాన్ని ఒక్కో అక్షరం చెరిపేశాడు.

"'రా, నేనున్నాను' అను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువొద్దు."

చెరిపిన వేలు ఆయనది. రాసిన వేలు నాది.

మారిసెల్ వచ్చింది. వచ్చిన మూడో రోజు నుంచి అతెని ఎప్పుడు కలవాలి అని అడగడం మొదలుపెట్టింది. పెర్త్ వెళ్ళిందన్నాం. మోకాలి ఆపరేషన్ అన్నాం. కోర్సు సంగతి క్లాసులో కూర్చున్నాక ఆమెకి అర్థమైంది. అయినా పేజీలో ఒక్క మాట చెడుగా రాయలేదు. అతెకి ఈ విషయం తెలిసి ఉండదు, ఆమెకి చెబితే ఏదో దారి చూపిస్తుంది అనుకుంది. కలవాలని మరీ మరీ అడిగింది. ఒక మధ్యాహ్నం నేనాయన దగ్గరికెళ్ళి, ఇంక అబద్ధాలు అయిపోయాయి అంకుల్, నిజం చెప్పేద్దాం అన్నాను. ఆయన పండు వలుస్తున్నాడు.

"చంపేద్దాం," అన్నాడు, టీ తాగుదాం అన్నట్టు.

చావు వార్త నేనే రాశాను. తలుపు తట్టిన ప్రతివారినీ తిన్నావా అని అడిగిన నోరు మూతపడింది, పదిమందికి వండిపెట్టిన చెయ్యి విశ్రమించింది, ఇకనుంచి ఈ ఇల్లు ఇల్లు కాదు. రాస్తుంటే బతికున్న మా పెద్దమ్మకి శ్రాద్ధం పెడుతున్నట్టు అనిపించింది. ఆయన చదివి, చివరి వాక్యం దగ్గర నాకే కళ్ళమ్మట నీళ్ళొచ్చినయ్ అన్నాడు. ఫోన్ పొట్టకి రుద్దుకున్నాడు. మూడు రోజుల్లో మర్చిపోతారు, పేజీ పేరు మార్చి వాడుకుందాం అన్నాడు.

వాళ్ళ గురించి అంతా తెలుసనుకున్న మనిషికి వాళ్ళు చనిపోయినవాళ్ళని ఎలా సాగనంపుతారో తెలియదు. వాళ్ళకి తొమ్మిది రోజుల ప్రార్థన ఉంటుంది, పసియామ్ అంటారు. మొదటి సాయంత్రమే మొదలైంది. ఇలోయిలో నుంచి, దుబాయ్ నుంచి, హాంకాంగ్‌లో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ నుంచి, ఒక్కొక్కరు కొవ్వొత్తి వెలిగించి ఫోన్ ముందు కూర్చుని జపమాల తిప్పారు. అలసిపోయిన మొహాలు, వెనక ఉతికి ఆరేసిన బట్టలు. ఎవరో అతె బొమ్మ గీశారు. మొహం ఎవరూ చూడలేదు కనక రెండు చేతులు గీశారు. బొటనవేలి కింద మచ్చ కూడా మర్చిపోలేదు.

నాలుగో రోజు పొద్దున ఆయన వచ్చి మామూలుగానే ఎంతమంది అన్నాడు. చెప్పాను. అంత సంఖ్య మా పేజీ ఎప్పుడూ చూడలేదు. ఆయన తొన నమలడం ఆపాడు.

"బతికున్నప్పుడు ఇంత రాలా. ముందే చంపాల్సింది."

నేను బాత్రూమ్‌కి వెళ్ళి తలుపేసుకున్నాను. బయటికొచ్చి మొహం కడుక్కుని, మళ్ళీ వెళ్ళి అదే కుర్చీలో కూర్చున్నాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మారిసెల్ ఆఫీసుకొచ్చింది. నల్ల గౌను, చేతిలో సంచి. అతె గురించి నాకు తెలిసిన చిరునామా ఇదొక్కటే కదా అంది. ఆయన లేచి, మొహం వేలాడేసుకుని ఎదురెళ్ళాడు. ఆమె వంగి ఆయన కుడిచెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. ఆయన గోళ్ళలో కమలాతొన పీచు ఇంకా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకోకపోగా, రెండో చెయ్యి ఆమె తల మీద పెట్టి దీవించాడు.

సమాధి ఎక్కడ అని అడిగింది. ఆమె కోరిక ప్రకారం బూడిద సముద్రంలో కలిపాం అన్నాడు. ఆమెకి సముద్రమంటే భయం కదా అంది మారిసెల్. చివర్లో భయం పోయింది అన్నాడు ఆయన. చీమ కుట్టినట్టయినా లేదు మనిషికి.

మారిసెల్ సంచిలోంచి ప్లాస్టిక్ డబ్బా తీసింది. జిగురుబియ్యం, బెల్లం, కొబ్బరిపాలు పోసి వండిన తీపి, బీకో అంటారు. తొమ్మిదో రోజు ప్రార్థన అయ్యాక ఇంటివాళ్ళు కలిసి తినాలట. ఆమెకి ఇక్కడ ఇంటివాళ్ళు మీరే కదా అంది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒక ముక్క తిన్నాడు, మా చక్రపొంగలిలా ఉంది అన్నాడు, ఇంకో ముక్క పెట్టించుకున్నాడు. పిండాకూడు అని మనం తిట్టుకి వాడుతాం. ఒక మనిషి దాన్ని మారడిగి తినడం నేను కళ్ళారా చూశాను. తను పుట్టించి తను చంపిన మనిషి పిండం, కాకికి కూడా మిగల్చకుండా.

నేను తేలు కుట్టిన దొంగలా నా బల్ల దగ్గరే ఉన్నాను. మారిసెల్ ఒక ప్లేటు నా దగ్గరికి తెచ్చింది. పెద్దలు నేర్పిన పద్ధతి, ఎవరేమిచ్చినా కుడిచెయ్యి చాస్తాం. చాచాను. ఆమె చూపు నా బొటనవేలి కింద ఆగింది. తర్వాత ఆ ప్లేటు నా చేతిలో పెట్టకుండా, నెమ్మదిగా బల్ల మీద పెట్టింది.

"'నేనున్నాను' అని రాసింది నువ్వేనా?"

అది అడగడానికి ఆమె గొంతు పెంచలేదు. నేను చెయ్యి బల్ల కిందికి దించుకున్నాను. వెనకనుంచి ఆయన, నోట్లో బీకో ఉండగానే, ఈ అమ్మాయి మీ అక్కకి చాలా దగ్గర అని ఇంగ్లీషులో చెప్పాడు. మారిసెల్ సంచిలోంచి సగం బయటికి తీసిన కొవ్వొత్తిని మళ్ళీ లోపల పెట్టుకుని వెళ్ళిపోయింది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు ఆగాక, డబ్బా కడిగి పెట్టమ్మాయ్, మంచి డబ్బా అన్నాడు. కడిగి పెట్టాను.

ఆ రోజే మానేశానని రాస్తే బాగుండేది. ఇంకో నాలుగు నెలలు చేశాను, అనుభవ పత్రం కోసం. ఇచ్చాడు. పత్రంలో నేను అత్యంత నిజాయితీ గల ఉద్యోగినిని అని ఉంది. సంతకం పక్కన నారింజరంగు మరక ఉంది. ఆ మరకతోనే పంపాను, ఆ మరకతోనే నాకు పీఆర్ వచ్చింది.

ఇంతకీ శనివారం సంగతి. ఇంటికొచ్చి నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నాను. ముందు నిజం రాశాను, ఇప్పుడు మీరు చదివినదాంట్లో సగం. అది హాల్లో చదవరని తెలిసి చెరిపేశాను. తర్వాత వేళ్ళు వాటంతటవే కదిలాయి. తలుపు తట్టిన ప్రతివారినీ తిన్నావా అని అడిగిన నోరు మూతపడింది, పదిమందికి పెట్టిన చెయ్యి విశ్రమించింది. పూర్తిచేసి చదువుకుంటే అర్థమైంది, అది నెనీతా చావు వార్త. పేరూ ఒక్క ముక్కా తేడా. అలాగే పంపేశాను. క్షణాల్లో దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా వచ్చాయి. మనసులోంచి వచ్చిన మాటలమ్మా అని ఒకాయన రాశారు.

ఆ రాత్రే, ఇన్ని నెలల తర్వాత, ఆ పాత పేజీ తెరిచాను. పాస్‌వర్డ్ మార్చలేదు. మారిసెల్ చివరి మెసేజ్ ఆ తొమ్మిదో రోజు సాయంత్రానిది. ఆఫీసునుంచి వెళ్ళాక రాసింది. 'అతె, ఉన్నారా?' అంతే. నేనది ఆ సాయంత్రమే చూశాను. చూసినట్టు ఆమె ఫోన్‌లో కూడా గుర్తు పడి ఉంటుంది. చనిపోయిన మనిషి చూసి ఊరుకున్నట్టు. శనివారం దాని కింద రాశాను, లేను, ఎప్పుడూ లేను, ఆ మాట రాసింది నేనే అని. నా అసలు పేరు పెట్టాను, ఫోన్ నంబరు ఇచ్చాను. ఏ చోట ఎవరిముందు చెప్పమన్నా వచ్చి చెబుతానని రాశాను. పది నిమిషాల్లో చూసినట్టు గుర్తు పడింది. మూడు రోజులైంది. జవాబు రాలేదు.

ఆదివారం సభకి నేను వెళ్ళలేదు. నా మాటలు మైకులో చదివారట. చివరి వాక్యం దగ్గర హాల్లో చాలామంది ఏడ్చారని ఒకావిడ ఫోన్ చేసి మరీ చెప్పింది. ఆయనే ఉంటే, ఎంతమంది అని అడిగేవాడు.